లివింగ్‌స్టోనియా: సమాధుల దగ్గర మొదలుపెట్టి కొండెక్కితే

ఆఫ్రికాలోని మలావీ చూడ్డానికి వెళ్లినవాళ్లు చాలామంది, ఉత్తరాన కొండ మీద పాత మిషన్ ఊరైన లివింగ్‌స్టోనియాకు ఒక్క పూటే కేటాయిస్తారు. పొద్దున్నే ఎక్కి, జలపాతం దగ్గర ఫొటోలు దిగి, సాయంత్రానికి మళ్లీ కింద మలావీ సరస్సు ఒడ్డుకు చేరుకుంటారు. అలా చేయొద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. కనీసం రెండు రాత్రులు ఉండండి. వీలైతే ముందు అదే సరస్సు ఒడ్డున దక్షిణాన ఉన్న కేప్ మాక్లియర్ చూసి రండి.

మేం అనుకోకుండానే ఆ వరుసలో వెళ్లాం. రాజధాని లిలాంగ్వేలో ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు ఆగస్టులో సెలవు పెట్టి నన్ను ముందు కేప్ మాక్లియర్ తీసుకెళ్లాడు. స్కాట్లాండ్ మిషనరీలు 1875లో మొదట స్థిరపడింది అక్కడే. అప్పుడు లివింగ్‌స్టోనియా అన్న పేరు ఆ చోటుదే. అందమైన ఒడ్డు, నిలకడగా ఉండే నీళ్లు, కానీ మలేరియా వాళ్లని బతకనివ్వలేదు. వాళ్ల సమాధులు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. 1881లో ఉత్తరంగా బందావేకు మారితే అక్కడా జ్వరాలు వదల్లేదు. చివరికి 1894లో మిషన్ నాయకుడు డాక్టర్ రాబర్ట్ లాస్ ఈ ఖోండోవే పీఠభూమిని ఎంచుకున్నారు. సరస్సు మట్టానికి ఇది దాదాపు 900 మీటర్లు పైన. ఊరికి ఎవరి పేరు పెట్టారో ఆ స్కాట్లాండ్ మిషనరీ, అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ అప్పటికి పోయి 20 ఏళ్లు దాటింది.

చిటింబా దగ్గర పెద్ద రోడ్డు దిగితే అక్కణ్ణుంచి గొరోడే ఘాట్ రోడ్డు. రాళ్లు, ఎర్రమట్టి, ఇరవై దాకా పాము మెలికలు. బస్సు ఎక్కదు. మటోలా అనే పికప్ ట్రక్కుల వెనక మొక్కజొన్న బస్తాలతో పాటు కూర్చుని వెళ్లాలి. "ఇదిగో, పది నిమిషాల్లో బయల్దేరతాం" అన్న డ్రైవరు ట్రక్కు నిండేదాకా కదల్లేదు, మూడు గంటలైంది. మీరు పొద్దున్నే చేరుకోండి, మధ్యాహ్నం మీద నమ్మకం పెట్టుకోవద్దు. వానాకాలంలో, అంటే డిసెంబరు నుంచి మార్చి దాకా, ఆ రోడ్డు జోలికి వెళ్లకుండా రుంఫీ వైపు నుంచి రావడం మేలు. ఓపికున్నవాళ్లు నడిచే ఎక్కుతారు. తిరుమల మెట్లు ఎక్కిన కాళ్లకి ఇది కొత్తేం కాదు, కాకపోతే దారిలో నీడ తక్కువ. నీళ్లు మోసుకెళ్లాలి.

మొదటి రాత్రి ఊళ్లో ఒకచోట దిగాం. పేరు చెప్పను. వేణ్ణీళ్లు ఉన్నాయన్నారు, లేవు. ఆగస్టులో ఆ కొండ మీద చన్నీళ్ల స్నానం అంటే మాటలు కాదు. అయినా ఆ రాత్రే నాకు ఈ ఊరు అర్థమైంది. రెండు దుప్పట్లు కప్పుకుని పడుకున్నాక తమ్ముడు చీకట్లో, "అక్కా, ఒక్క దోమ కూడా లేదు" అన్నాడు. అంతకుముందు రాత్రి కింద సరస్సు ఒడ్డున దోమతెరలో చెమటలు కక్కుతూ పడుకున్నవాళ్లం. కేప్ మాక్లియర్‌లో చూసిన సమాధులు గుర్తొచ్చి చాలాసేపు నిద్రపట్టలేదు. (మలేరియా మాత్రలు మాత్రం మానకండి. కిందికి దిగాలి కదా.)

మర్నాడు స్టోన్ హౌస్‌కి మారాం. 1903లో కట్టిన లాస్ గారి ఇల్లు అది. కొంత భాగం మ్యూజియం, కొన్ని గదులు అతిథులకి. సదుపాయాలు సాదాసీదా, కానీ ఆ వరండాలో కూర్చుంటే సరస్సంతా కింద పరుచుకుని కనిపిస్తుంది. ఆకాశం తేటగా ఉంటే అవతల టాంజానియా కొండలు కూడా. నా ఓటు దీనికే. దగ్గర్లోనే నేలమీద రాళ్లతో పేర్చిన అక్షరాలు ఉన్నాయి: ఎఫెసీయులకు 2:14. 1959లో బ్రిటిష్ పాలకులు అత్యవసర పరిస్థితి పెట్టినప్పుడు, ఇక్కడి తెల్లవాళ్లని తరలించాలా అని విమానం అడిగితే, ఇదే వాళ్లు ఇచ్చిన జవాబట. మన తెలుగు బైబిల్లో ఆ వచనంలో 'మధ్యగోడను పడగొట్టి' అని ఉంటుంది. ఆ రాళ్ల పక్కన నిలబడి ఫోన్లో ఆ వచనం తెరిచి తమ్ముడికి చదివి వినిపించాను.

చర్చిలో రంగుటద్దాల కిటికీ తప్పక చూడండి. లివింగ్‌స్టన్, ఆయన వెంట నడిచిన చూమా, సూసీ, వెనక సరస్సు. ఆయన 1873లో చనిపోతే శవాన్ని నెలల తరబడి మోసి సముద్రతీరానికి చేర్చింది ఈ ఇద్దరి బృందమే. మెదక్ చర్చిలో అద్దాల కిటికీలు చూసి పెరిగినదాన్ని. అక్కడ ఏసు కథ, ఇక్కడ మోసినవాళ్లకీ చోటు. నాకు ఇదే ఎక్కువ నచ్చింది.

పాత ఎర్ర ఇటుకల భవనాల్లో ఇప్పటికీ పని జరుగుతోంది. ఆసుపత్రి నడుస్తోంది, యూనివర్సిటీ విద్యార్థులు పుస్తకాలతో తిరుగుతుంటారు. ఓవర్‌టౌన్ ఇన్‌స్టిట్యూషన్ పేరుతో ఇక్కడ వడ్రంగం, అచ్చుపని, టీచరు పని నేర్పేవారు. దక్షిణాఫ్రికాలో నల్లజాతి కార్మికుల పెద్ద సంఘాన్ని స్థాపించిన క్లెమెంట్స్ కడాలీ ఇక్కడే చదివాడు. మిషన్ గురించి ఎవరికే అభిప్రాయమున్నా, ఈ బడి నుంచి వచ్చిన మనుషుల్ని లెక్కలోంచి తీసేయలేం.

మంచెవే జలపాతం ఊరికి గంట నడక. సుమారు 125 మీటర్ల లోతుకి దూకుతుంది. పక్కనే కాలిబాటలో దిగితే నీటి వెనక గుహ ఉంది. బానిసల వేటగాళ్లొచ్చినప్పుడు చుట్టుపక్కల జనం అందులో దాక్కునేవారని మాకు దారి చూపించిన కుర్రాడు చెప్పాడు. లోపల నిలబడితే మన మాట మనకే వినపడదు. దారి చూపినవాళ్లకి ఎంతివ్వాలో ముందే మాట్లాడుకోండి.

మూడో రాత్రి దిగే దారిలో కొండ అంచున ఉన్న మష్రూమ్ ఫామ్‌లో. శాకాహారులకి ఇది వరం: వంటంతా శాకాహారమే. ఊళ్లో అయితే న్సీమా, బీన్స్, ఆకుకూర దొరుకుతాయి. న్సీమా అచ్చం మొక్కజొన్న సంకటే, చేత్తో ముద్ద చేసుకుని తినాలి. నగదు ఉత్తరాన పెద్ద ఊరైన మ్జూజూలోనే తీసుకుని రండి.

తిరిగి వచ్చేటప్పుడు నడిచే దిగాం. ఎదురొచ్చిన ప్రతివాళ్లూ ఆగి పలకరించారు. మాకు అక్కడి టుంబూకా భాషలో వచ్చింది ఒకటే మాట, "యెవో" (థాంక్స్ అని, పలకరింపుకీ అదే). చిటింబా చేరేసరికి అది ఓ వంద సార్లు అనుంటాం.