ఒకే బడి, మా పాపకి ఒకలా మా బాబుకి ఇంకోలా

మా చెల్లి వాళ్లు మా ఊరికే కాపురం మార్చుకుంటున్నారు. వాళ్ల పాపకి వచ్చే జూన్‌లో ఒకటో తరగతి. "అక్కా, మీ ఊరి బడి ఎలా ఉంటుందో ఉన్నది ఉన్నట్టు చెప్పు, మొహమాటపడకు" అని అడిగింది. ఫోన్లో గంటసేపు మాట్లాడినా ఇద్దరికీ తేలలేదు, ఎందుకంటే బాగుందని చెప్పినా నిజమే, బాగా లేదని చెప్పినా నిజమే. అందుకే తనకి చెప్పిందంతా వివరంగా ఇక్కడ రాస్తున్నాను, ఇలాంటి ఆలోచనలోనే ఉన్న తల్లిదండ్రులకి పనికొస్తుందని.

మాది తెనాలి వైపు పల్లెటూరు. బడి మా ఇంటికి నాలుగిళ్ల అవతల, మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ఒకటి నుంచి ఐదు దాకా. నేను ఇంట్లో మిషన్ కుడతాను, మా ఆయన ఆటో నడుపుతారు. పాప 2018లో చేరి ఐదో తరగతి దాకా అక్కడే చదివింది, బాబు 2021లో చేరాడు, ఇప్పుడు ఐదులో ఉన్నాడు. అంటే 8 ఏళ్లుగా ఆ గేటు దగ్గరికి రోజూ వెళ్తూనే ఉన్నాను.

ముందు పాప సంగతి. అప్పుడు టీచర్లు ఇద్దరు, పిల్లలు నలభై మంది లోపు. పెద్ద టీచర్ గారు ఒకటి, రెండు చూసుకునేవారు, సార్ మిగతా మూడు తరగతులు. తీసివేతలు రాక పాప ఏడుస్తుంటే సార్ చీపురుపుల్లలు ముక్కలుగా విరిచి పదేసి కట్టలు కట్టి ముందు పెట్టారు. ముప్పై రెండులోంచి పదిహేడు తీయాలి, విడిగా ఉన్నవి రెండే పుల్లలు, మరి ఏడు ఎలా ఇస్తావమ్మా అని అడిగారు. అది కాసేపు చూసి, ఒక కట్టకున్న దారం విప్పేసింది. అప్పటిదాకా "పక్కనుంచి ఒకటి అప్పు తెచ్చుకోవాలి" అని నేను ఎన్నిసార్లు చెప్పినా ఎక్కనిది ఆ దారం విప్పడంతో ఎక్కింది. నేను గుమ్మంలో నిలబడి చూశాను కాబట్టి ఇంత ఖచ్చితంగా చెప్పగలుగుతున్నాను. కరోనాలో బడి మూసేసినప్పుడు కూడా ఆయన వారానికి రెండుసార్లు బండి మీద వచ్చి రామాలయం అరుగు మీద పిల్లల నోటుబుక్కులు దిద్ది వెళ్లేవారు. 2021 ఫిబ్రవరిలో బడి తెరిచేసరికి మా పాప వెనకబడలేదంటే ఆయన చలవే. ఇప్పుడు అది హైస్కూల్లో ఎనిమిది చదువుతోంది, ఏ టెన్షన్ లేదు.

కానీ అదే రోజుల్లో బాత్రూంలు ఎంత అధ్వానంగా ఉండేవంటే, పాప పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా ఉండి, బడి వదలగానే పుస్తకాల సంచి గుమ్మంలో పడేసి దొడ్లోకి పరిగెత్తేది. రెండో తరగతిలో యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ఆడపిల్లల తల్లులకి ఇది ఎంత బెంగో వేరే చెప్పక్కర్లేదు. ప్రభుత్వ బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదటి విడతలో మా బడి ఉండటంతో, బడి మూసి ఉన్న నెలల్లో పనులు జరిగాయి. పేరెంట్స్ కమిటీ చేతుల మీదుగానే ఖర్చు పెట్టారు, మా ఆయన కూడా సిమెంటు తోలారు. నీళ్లొచ్చే బాత్రూంలు, మంచినీళ్లు, బెంచీలు, ఫ్యాన్లు, ఆకుపచ్చ బోర్డులు, రంగులు. బడి తెరిచిన రోజున పిల్లలు బెంచీల మీద అటూ ఇటూ జరుగుతూ కూర్చున్న తీరు నాకు ఇంకా కళ్లముందే ఉంది. తర్వాత ఒకసారి మోటారు కాలిపోయి రెండు నెలలు నీళ్లు రాలేదు, అది వేరే కథ. మొత్తం మీద ఆ విషయంలో పాపకి లేనిది బాబుకి దొరికింది.

దొరకనిదేమిటంటే, చదువు.

బడి అందంగా అయింది, ఇంగ్లీష్ మీడియం వచ్చింది, కరోనాలో చాలామందికి ప్రైవేటు ఫీజులు కట్టే ఓపిక లేక పిల్లల్ని ఇటు మార్చారు. నలభై కాస్తా డెబ్బై దాటింది. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం అరవై మంది దాకా ఇద్దరు టీచర్లు, అరవై దాటితే ముగ్గురు ఉండాలి. మాకు మూడో టీచర్ రాలేదు సరికదా, 2023 బదిలీల్లో సార్ వెళ్లిపోయారు, ఆ ఖాళీలో ఎవరూ రాలేదు. మా వాడి మూడో తరగతి మొత్తం పెద్ద టీచర్ గారొక్కరే. సర్దుబాటు మీద వేరే ఊరి టీచర్ వారంలో రెండు రోజులు వచ్చేవారు, అదీ కొన్నాళ్లే.

నేను ఆ సంవత్సరం పట్టించుకోలేదు, అది నా తప్పు. నోటుబుక్కు చూస్తే అక్షరాలు ముత్యాల్లా ఉండేవి, అంతా టిక్కులే. పాఠం చదవరా అంటే గడగడా చదివేవాడు. వేసవి సెలవుల్లో ఒకరోజు పక్కన కూర్చుని చూస్తే వాడి వేలు రెండో లైను మీద ఉంది, నోరు అయిదో లైనులో ఉంది. అంతా బట్టీ. టేబుల్ మీద ఉన్న శుభలేఖ ఇచ్చి, కష్టమైనవి వద్దులే, ఊరి పేరు, పెళ్లికొడుకు పేరు చదువు చాలన్నాను. గుణింతం ఉన్నచోట తడబడ్డాడు, ఒత్తు వచ్చినచోట ఆగి నా మొహం చూశాడు. ఆ చూపు నాకు రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు. బోర్డు మీదది బొమ్మ గీసినట్టు చూసి రాసుకున్నాడన్నమాట, ఏడాది పాటు.

జూన్‌లో బడి తెరవగానే గొడవ పెట్టుకుందామనే వెళ్లాను. పెద్ద టీచర్ గారు ఒక గదిలో మూడు తరగతులు కూర్చోబెట్టి, పక్క గదిలో రెండు తరగతులకి ఎక్కాలు అప్పజెప్పి, ఫోన్లో హాజరు ఎక్కిస్తున్నారు. నేను కూర్చున్న అరగంటలో ఆవిడ అన్నం తిన్న పిల్లల లెక్క, గుడ్ల లెక్క, బాత్రూం ఫోటోలు అన్నీ పంపాల్సి వచ్చింది. "నాకూ తెలుసమ్మా మీ వాడికి రావట్లేదని, నేనొక్కదాన్ని ఎక్కడని చూసుకోను" అన్నారు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇక ఏమని అడగను. తల్లులం పదకొండు మందిమి సంతకాలు పెట్టి మండల విద్యాశాఖ అధికారికి అర్జీ ఇచ్చాం, మళ్లీ ఇచ్చాం. 2024 డిసెంబర్ 7న మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెట్టినప్పుడు మాకు ముగ్గుల పోటీ, మగవాళ్లకి తాడు లాగుడు పెట్టారు, బాగా జరిగింది, ప్రోగ్రెస్ కార్డులు ఇచ్చారు. అక్కడ కూడా లేచి నిలబడి అదే అడిగాను. టీచర్ రావడానికి మాత్రం మెగా డీఎస్సీ (టీచర్ల నియామకాలు) అయ్యేదాకా, అంటే 2025 దసరా తర్వాత దాకా పట్టింది.

ఇదంతా నా అనుభవం. ఊళ్లో ఇంకొకరిని అడిగితే ఇంకొకటి చెబుతారు. పక్కింటి వదిన వాళ్ల పాపని చేర్చిన రెండు నెలలకే మాన్పించి కాన్వెంటుకి మార్చింది. పిల్లల్ని బడికి పంపే తల్లులకి ప్రభుత్వం వేసే అమ్మ ఒడి డబ్బులు ప్రైవేటులో చదివినా పడేవి కాబట్టి అవి ఫీజు కింద కట్టేది. ఆ పిల్ల ఇంగ్లీష్ పద్యాలు బాగా చెబుతుంది, కానీ ఏడున్నరకే బస్సెక్కాలి, సాయంత్రం మళ్లీ ట్యూషన్. వదిన నిర్ణయం తప్పని నేను అనను, బడి అలా ఉన్నప్పుడు ఎవరైనా అదే చేస్తారు.

కూలికి వెళ్లే అక్క ఒకామె ఉంది, మిరపకాయల కోతలప్పుడు తెల్లవారకముందే వెళ్లిపోతుంది. ఆమె దగ్గర బడి గురించి ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడితే ఊరుకోదు. మధ్యాహ్నం వేడన్నం, వారంలో ఐదు రోజులు గుడ్డు. పిల్లలు ఆకలితో ఉన్నారేమోనన్న దిగులు లేకుండా పని చేసుకుంటానంటుంది. 2025 జూన్ నుంచి సన్నబియ్యం ఇస్తున్నారు, అంతకుముందు లావు బియ్యం అన్నం సగం పారేసేవాళ్లు, ఇప్పుడు మారడిగి తింటున్నారు. రాగిజావ మా పాపకి ఇష్టం, మా వాడు పక్కవాడికి ఇచ్చేస్తాడు. చిక్కీ కొన్నిసార్లు ముక్కవాసన వచ్చేది, వెనక్కి పంపించాం.

ఇంకో అమ్మ కొడుక్కి చెవులు సరిగా వినపడవు. రెండు ప్రైవేటు స్కూళ్లు కుదరదన్నాయి. ఇక్కడ చేర్చుకుని మొదటి బెంచీలో కూర్చోబెట్టి, మండలంలో ఇలాంటి పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి కూడా దారి చూపించారు. ఆవిడకి ఈ బడి దేవుడి గుడితో సమానం. ఇంతమంది ఇన్ని రకాలుగా చెబుతుంటే అందరూ నిజమే చెబుతున్నారు.

ఇంగ్లీష్ మీడియం గురించి కూడా చెల్లి అడిగింది. పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. పాపకి అప్పటికే తెలుగు చదవడం గట్టిగా వచ్చు కాబట్టి తెలుగు పేజీ చదువుకుని ఇంగ్లీష్ పేజీ అర్థం చేసుకునేది, పుస్తకం దానికి భలే ఉపయోగపడింది. బాబుకి తెలుగే నిలవలేదు, ఇక ఎదురు పేజీ దేనికి? అదే పుస్తకం, అదే బల్ల. కాబట్టి మీడియం కంటే ముందు తెలుగు చదవడం వచ్చేలా ఇంట్లో అయినా చూసుకోమన్నాను.

చెల్లికి నేను చెప్పింది ఇదీ. రంగులు, బెంచీలు చూసి చేర్చకు, ఎవరో ఏదో అన్నారని మానేయకు. ఒక మామూలు రోజున, మీటింగులు లేని రోజున, అన్నాలయ్యాక బడికి వెళ్లు. ఆ సంవత్సరం టీచర్లు ఎంతమంది, ఒకటో తరగతి ఎవరు చెబుతారు, వాళ్లకి ఇంకెన్ని తరగతులు ఉన్నాయి, ఇవి అడుగు. రెండో తరగతి పిల్లని ఒకరిని పిలిచి, చదవని పేజీ తీసి చదివించు. చేర్చాక కూడా ఏటా జూన్‌లో ఇదే చెయ్యి, ఎందుకంటే ఒక్క బదిలీతో బడి మొత్తం మారిపోతుంది.

ప్రస్తుతం ఇద్దరు టీచర్లు ఉన్నారు, కాబట్టి చేర్చమనే చెప్పాను. కొత్త టీచరమ్మ చిన్నది, ఓపికస్తురాలు. రోజూ సాయంత్రం మా వాడి పుస్తకంలో అయిదు మాటలు రాసి పంపిస్తుంది, రాత్రి అన్నం తిన్నాక మిషను పక్కన కూర్చుని చదువుతాడు. ఒత్తులు చాలావరకు వచ్చేశాయి. "లక్ష్మి" దగ్గర మాత్రం ఇంకా ఆగుతున్నాడు. వాళ్ల నాయనమ్మ పేరు అదే, నేను అందించను, వాడే చదవాలి.