ఆరేళ్లు వాడాక ఎండీఆడమ్ మిర్రర్: ఒంగోలు స్టూడియో మెషిన్ నుంచి సమీక్ష

పెళ్లి ఫుటేజీ దాచే డెబియన్ లినక్స్ మెషిన్‌లో రెండు 4 టీబీ డిస్కులను ఎండీఆడమ్ అనే కమాండ్‌తో రెయిడ్ 1గా, అంటే ఒకే డేటా రెండింట్లోనూ పడే మిర్రర్‌గా, జతచేసి వాడిన మీదట రాస్తున్నది ఇది. జత కట్టడం పది నిమిషాల పని, కట్టాక నమ్మకంగానే నడుస్తుంది. చిక్కంతా డిస్కు పోయిన రోజు కంగారులో మన చెయ్యి చేసే పొరపాట్లతోనే. కమాండ్లు పలికినట్టు తెలుగులో రాశాను, టైపు చేసేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

పార్టిషన్ చేసేటప్పుడు చివర ఓ 100 ఎంబీ వదిలేయండి. రేపు మార్కెట్లో దొరికే వేరే కంపెనీ 4 టీబీ డిస్కు నాలుగు సెక్టార్లు తక్కువున్నా ఎండీఆడమ్ దాన్ని ‘చాలినంత పెద్దది కాదు’ అని తిప్పికొడుతుంది. ఆ తర్వాత:

ఎండీఆడమ్ --క్రియేట్ /డెవ్/ఎండీ0 --లెవెల్=1 --రెయిడ్-డివైసెస్=2 /డెవ్/ఎస్‌డీబీ1 /డెవ్/ఎస్‌డీసీ1

బూట్‌కి పనికిరాకపోవచ్చు అని ఓ హెచ్చరిక వస్తుంది. జత వివరాలుండే మెటాడేటా, 1.2 రకమైతే, పార్టిషన్ మొదలు నుంచి 4 కేబీ దగ్గర కూర్చుంటుంది కాబట్టి ఆ మాట. డేటా డిస్కులకు పర్లేదు, ‘వై’ కొట్టండి. మెషిన్ బూటయ్యే ఈఎఫ్ఐ పార్టిషన్‌ను కూడా మిర్రర్ చేయాలనుకుంటే మాత్రం చివర కూర్చునే 1.0 కావాలి, ఫర్మ్‌వేర్‌కి అది మామూలు ఫ్యాట్ ఫైల్ సిస్టమ్‌లా కనబడాలి కదా. మొదటి సింక్ (రెండు డిస్కులనూ ఒకేలా చేసే కాపీ) సగటున సెకనుకు 150 ఎంబీ చొప్పున ఏడు గంటల పైమాటే. అది పూర్తయ్యేదాకా ఆగనక్కర్లేదు, ఫార్మాట్ చేసి వాడుకోవచ్చు.

చాలామంది మరిచేది తర్వాతి అడుగు. ఎండీఆడమ్ --డీటెయిల్ --స్కాన్ ఇచ్చే లైన్‌ను ఎండీఆడమ్.కాన్ఫ్‌కి జోడించి అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ (బూట్ మొదట్లో లోడయ్యే ఫైలును తాజా చేసేది) కొట్టాలి. జోడించేది రెండు బాణం గుర్తులతో (>>). ఒక్కటే పెడితే ఫైల్లో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. ఈ పని మానేస్తే రీబూట్ తర్వాత ఎండీ0 కాస్తా ఎండీ127 అయి కూర్చుంటుంది. ఏ డిస్కు ఎక్కడ కలపాలో చెప్పే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో ఆ పేరు బదులు యూయూఐడీ (మారని గుర్తింపు సంఖ్య) రాసుకుంటే ఆ బెడద లేదు.

మా జిల్లాలో తుఫానులు వచ్చే అక్టోబరు–డిసెంబరు నెలల్లో కరెంటు మాట చెప్పనక్కర్లేదు. జత స్థితి చూపే /ప్రాక్/ఎండీస్టాట్‌లో బిట్‌మ్యాప్ (ఇంకా ఏ భాగాలు సింక్ కావాలో గుర్తుపెట్టుకునే పట్టీ) లైన్ ఉందో లేదో చూసుకోండి (100 జీబీ దాటిన అర్రేకి, అంటే డిస్కుల జతకి, మామూలుగా అదే వస్తుంది). అదుంటే హఠాత్తుగా ఆగిన మెషిన్ నిమిషాల్లో సర్దుకుంటుంది, లేకపోతే మళ్లీ మొత్తం 4 టీబీ సింక్. రెండు కాపీలు తేడా పడితే ఏది సరైందో జతను నడిపే ఎండీకి తెలియదు, ఒకదాన్ని రెండోదాని మీద రాసేస్తుంది, అంతే. డేటా చెడిందో లేదో తేల్చే చెక్‌సమ్ కావాలనుకునేవాళ్లు జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ చూసుకోవాలి. యూపీఎస్ ఎలాగూ తప్పదు. రోహిణి కార్తెలో గది తలుపులు మూసి రెండు డిస్కులూ ఆనుకునేలా బిగిస్తే రెండూ కలిసే ఉడుకుతాయి. మధ్యలో ఒక బే (డిస్కు బిగించే అర) ఖాళీ వదలండి.

డెస్క్‌టాప్ డిస్కులతో ఇంకో తలనొప్పి. చెడ్డ సెక్టార్ తగిలితే అవి నిమిషాల తరబడి చదవడానికి తంటాలు పడతాయి, కెర్నెల్ (లినక్స్ మూలభాగం) 30 సెకన్లకే విసిగి లింక్ రీసెట్ చేస్తుంది. ఒక్క సెక్టార్ కోసం డిస్కు మొత్తం అర్రే నుంచి బయటపడేది ఇలాగే. స్మార్ట్‌సీటీఎల్ -ఎల్ ఎస్‌సీటీఈఆర్‌సీ,70,70 కొడితే డిస్కు ఆ ప్రయత్నాన్ని 7 సెకన్లకే వదిలేస్తుంది (లెక్క పదో వంతు సెకన్లలో). ఒప్పుకోని డిస్కుకు కెర్నెల్ టైమౌట్‌నే 180కి పెంచండి. కరెంటు పోయి వస్తే ఈ రెండు సెట్టింగులూ చెరిగిపోతాయి, అందుకే బూట్ స్క్రిప్ట్‌లో పెట్టాలి.

ఇక డిస్కు పోయిన రోజు. ఎండీస్టాట్‌లో [యూయూ] బదులు [యూ_] కనబడుతుంది. ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లను నమ్మి డిస్కు ఊడదీయొద్దు, రీబూట్‌తో అవి తారుమారవుతాయి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఓ నేమ్,సీరియల్ తో నంబరు చూసి, డిస్కు అంచున కేబుల్ వైపు ముందే అంటించిన చీటీతో సరిపోల్చుకున్నాకే మర తిప్పండి. మంచి డిస్కును లాగేయడం అన్నిటికంటే మామూలుగా జరిగే ప్రమాదం.

--ఫెయిల్, --రిమూవ్ అయ్యాక కొత్త డిస్కుకు పార్టిషన్ టేబుల్ కాపీ చేయాలి: ఎస్‌జీడిస్క్ -ఆర్ /డెవ్/కొత్తది /డెవ్/పాతది (ఆర్ పెద్దక్షరం). వరస గమనించండి. గమ్యం ముందు, మూలం చివర. తిరగేస్తే ఖాళీ టేబుల్ వచ్చి ప్రాణంతో ఉన్న ఒకే ఒక్క డిస్కు మీద పడుతుంది. తర్వాత కొత్తదానికి ఎస్‌జీడిస్క్ -జీ (ఇదీ పెద్దక్షరమే) కొట్టి గుర్తింపులు మార్చి, --యాడ్ చేయాలి. డిస్కు పూర్తిగా చావక మునుపే అనుమానం వస్తే --రీప్లేస్ --విత్ మేలు, కాపీ అయ్యేదాకా పాతది కూడా జతలోనే ఉంటుంది. చవకని ఎస్‌ఎంఆర్ డిస్కు (ట్రాకులు ఒకదానిమీదొకటి పడేలా రాసేది) తెస్తే, సింక్ మధ్యలో వేరే రాతపని పడ్డప్పుడు నత్తనడకే.

పొరపాటున డిలీట్ చేసిన ఫోల్డర్ రెండు డిస్కుల్లోనూ అదే క్షణాన పోతుంది. కాబట్టి మూడో డిస్కు వేరే ఇంట్లో ఉండాల్సిందే.

డెబియన్‌లో నెలనెలా మొదటి ఆదివారం రెండు కాపీలనూ పోల్చే చెక్ దానంతటదే నడుస్తుంది, అప్పుడు ఎడిటింగ్ మందగిస్తే దాని గరిష్ఠ వేగమైన స్పీడ్_లిమిట్_మ్యాక్స్ తగ్గించుకోవచ్చు. ఎండీఆడమ్.కాన్ఫ్‌లో మెయిల్‌ఆడర్ (కబురు వెళ్లే మెయిల్ చిరునామా) దగ్గర రూట్ అని వదిలేస్తే డిస్కు పోయిన కబురు ఆ మెషిన్‌లోనే పడుంటుంది, ఎవరూ చదవరు. మీరు రోజూ చూసే మెయిల్ రాసి, ఎండీఆడమ్ --మానిటర్ --స్కాన్ --వన్‌షాట్ --టెస్ట్ కొట్టి, ఫోన్‌కి కబురు చేరిందాకా కుర్చీలోంచి లేవొద్దు.