లంబసింగి చలిలో హైబ్రిడ్ కారు: హీటర్ పెడితే ఈవీ గుర్తు వెలగదు

పెట్రోలు ఇంజిన్, బ్యాటరీతో తిరిగే మోటారు రెండూ ఉన్న ఈ హైబ్రిడ్ బండిలో నాకు బాగా నచ్చింది ఇంజిన్ ఆగిపోయి మోటారు మీద చప్పుడు లేకుండా కదలడం. అప్పుడే డ్యాష్‌బోర్డు మీద ఈవీ గుర్తు వెలుగుతుంది. విశాఖలో మద్దిలపాలెం సిగ్నల్ దగ్గర, ఎన్‌ఏడీ ట్రాఫిక్‌లో ఆ సుఖమే వేరు. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున లంబసింగిలో మాత్రం సరిగ్గా అదే ఉండదు. అమ్మేవాళ్లు ఈ మాట ఎత్తరు, నా కోపమంతా అందుకే.

చలిలో పవర్ బటన్ నొక్కాక ఇంజిన్ స్టార్టయి అలా తిరుగుతూనే ఉంటుంది. కూలెంట్ (ఇంజిన్ చుట్టూ తిరిగే ద్రవం), పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వేడెక్కేదాకా పెద్ద బ్యాటరీలో చార్జింగ్ ఉన్నా ఆగదు. అంతవరకు న్యాయమే. అసలు పేచీ హీటర్‌తో. ఏసీ కంప్రెసర్‌కు బ్యాటరీ కరెంటు చాలు, హీటర్‌కు వేడి మాత్రం కూలెంట్ నుంచే రావాలి. హీటర్‌ను 26 డిగ్రీల్లో పెట్టి కూర్చుంటే, కూలెంట్ కాస్త చల్లబడగానే ఆగి ఉన్న బండిలోనూ ఇంజిన్ మళ్లీ లేస్తుంది.

నిలబెట్టి వేడి చేయడం వల్ల పెట్రోలు దండగ. మొదటి నాలుగైదు నిమిషాలు హీటర్ ఆపేసి, యాక్సిలరేటర్ మెల్లగా తొక్కుతూ నడపండి. తర్వాత 20 లేదా 21, ఫ్యాన్ ఒకటిలో, ఈకో మోడ్. ముందు అద్దానికి తేమ పడితేనే డీఫ్రాస్ట్. ఇలా చేస్తే ఈవీ గుర్తు చాలా ముందే వెలుగుతుంది.

అమెరికా ఇంధన శాఖ లెక్క ప్రకారం 25 డిగ్రీల నుంచి మైనస్ 7కు పడితే సిటీలో మామూలు పెట్రోలు కారు మైలేజీ సుమారు 15 శాతం తగ్గుతుంది, హైబ్రిడ్‌ది 30 నుంచి 34 శాతం. మన ఏజెన్సీలో అంత చలి లేదు, అంత దెబ్బా ఉండదు. కారణం మాత్రం ఒకటే.

నర్సీపట్నం వైపు ఘాట్ దిగేటప్పుడు ఇంకో చిక్కు. మామూలుగా దిగుడులో మోటారే బండి వేగం తగ్గిస్తూ ఆ శక్తితో బ్యాటరీని చార్జ్ చేస్తుంది. రాత్రంతా మంచులో ఉన్న బ్యాటరీ చార్జింగ్‌ను గబగబా తీసుకోదు, పైగా దిగుడులో త్వరగా నిండిపోతుంది. అప్పుడు బ్రేకు భారమంతా ప్యాడ్ల మీదే. పై మలుపు నుంచే బి గేరు వేయండి. ఇంజిన్ గట్టిగా మోగుతుంది, కంగారు వద్దు, అది ఇంజిన్ బ్రేకింగ్.

టైర్లలో గాలి ప్రతి 5, 6 డిగ్రీల చలికి సుమారు 1 పీఎస్ఐ తగ్గుతుంది, పొద్దున్నే చూసుకోండి. 12 వోల్టుల చిన్న బ్యాటరీ పాతబడితే బండి కదలడానికి సిద్ధమని చెప్పే రెడీ లైటు రాదు, చలికాలానికి ముందే టెస్ట్ చేయించాలి.

సిటీలో మైలేజీ బాగుంటుందన్న మాట విశాఖలో తిరిగేవాళ్లకే వర్తిస్తుంది. నాది ఎక్కువగా సిటీ తిరుగుడు, ఏజెన్సీకి వెళ్లేది చలికాలంలోనే, కాబట్టి నాకు గిట్టుబాటే. చింతపల్లి, పాడేరు వైపు ఉంటూ పొద్దున్నే మూడు నాలుగు కిలోమీటర్లు మాత్రమే నడిపేవాళ్లకు హైబ్రిడ్ కోసం అదనంగా పెట్టిన డబ్బు తిరిగి రావడం కష్టమే అనిపిస్తుంది. అలాంటివాళ్లు టెస్ట్ డ్రైవ్ మధ్యాహ్నం పూట కాదు, జనవరి తెల్లవారుజామున, రాత్రంతా ఆరుబయట నిలిపిన బండితో అడగండి.