లీడ్ గిటార్ స్పీడ్: మెట్రోనోమ్ మెల్లగా పెంచాలా, ఒక్కసారిగా దూకాలా?

లీడ్ (పాటలో ముందుకు వినిపించే సోలో వరుసలు) వాయించాలని గిటార్ పట్టిన ప్రతివాడికీ మొదట్లో ఒకటే మాట చెబుతారు: నిదానంగా వాయించు, స్పీడ్ దానంతటదే వస్తుంది. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగాన్ని నమ్మి నేను దాదాపు ఏడాది 132 దగ్గరే కూర్చున్నాను.

132 అంటే మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని తాళం కొట్టే యంత్రం) మీద నిమిషానికి పడే బీట్లు. బీట్‌కి నాలుగు నోట్స్ చొప్పున సెకనుకు తొమ్మిదికి కాస్త తక్కువ. అక్కడ దాటితే మోచేయి బిగుసుకుపోయేది, పిక్ (తీగ మీటే చిన్న బిళ్ల) తీగకు అడ్డంపడేది. మళ్లీ 100కి దిగి పైకి ఎక్కడం, మళ్లీ అక్కడే ఆగడం.

మెట్లెక్కే ఈ పద్ధతి అందరికీ తెలిసిందే. 60 దగ్గర మొదలు, తప్పు లేకుండా వస్తే 4 పెంచడం. ఎడమ చేతికి ఇంతకంటే మంచి మందు నాకు తెలియదు. చిటికెన వేలు తీగకు రెండు అంగుళాల పైకి ఎగురుతోందా, ఫ్రెట్ (గిటార్ మెడ మీది అడ్డ లోహపు పట్టీ) పక్కనే నొక్కుతున్నామా, వాయించని తీగలు మోగకుండా ఆపుతున్నామా అన్నవి నెమ్మదిలోనే కనిపిస్తాయి. ఆంప్‌లో గెయిన్ (శబ్దాన్ని గరుకు చేసే మీట) తగ్గించి, క్లీన్ టోన్‌లో, అంటే గరుకు లేని శబ్దంలో చేస్తేనే సుమా. తప్పుల్ని కప్పేసే ఆ గరుకు, డిస్టార్షన్, పెడితే అందరం బాగానే వాయిస్తాం.

చిక్కంతా కుడి చేతిది. 60 దగ్గర మణికట్టు ఒక దెబ్బ వేసి, ఆగి, మళ్లీ కదులుతుంది. ఎంత పెద్ద ఊపు ఊపినా టైముకి తిరిగి వస్తుంది. 150 దగ్గర ఆ ఆగడం ఉండదు, కిందికీ పైకీ ఒకటే ఊపు. నడకనే ఎంత తొందర చేసినా పరుగు కానట్టు, ఆ నెమ్మది కదలికను 4 చొప్పున ఎంత పెంచినా ఈ కదలిక కాదు. నేను ఏడాదిపాటు సాధన చేసింది వేగంలో పనికిరాని కదలికని!

రెండో దారి, చిన్న ముక్కని పూర్తి వేగంలో వేయడం. మెట్రోనోమ్ 144 మీద పెట్టండి. ఒక్క బీట్‌లో నాలుగు నోట్స్ గబగబా వేసి, తర్వాతి బీట్ మీద అయిదో నోట్ దగ్గర ఆగిపోవాలి. రెండు మూడు బీట్లు చేయి వదులుగా వేలాడనిచ్చి మళ్లీ వేయాలి. మొదట ఒకే తీగ మీద, ఒకే ఫ్రెట్ నొక్కి చేయొచ్చు. అంత చిన్న ముక్కలో చేయి బిగుసుకునే లోపే పని అయిపోతుంది కాబట్టి, వదులుగా ఉన్నప్పుడు వేగం ఎలా ఉంటుందో దానికి తెలుస్తుంది. నాలుగు కుదిరాక ఎనిమిది, ఆ తర్వాత తీగ మార్చడం. నాకు 132 గోడ కూలింది దీనితోనే.

అయితే దీన్నే నమ్ముకున్నవాళ్ల వాయింపు విన్నాను. పరుగు ఉంటుంది, తాళం ఉండదు. రెండు చేతులూ ఒకేసారి పడకపోవడం ఆ వేగంలో చెవికి అందదు. ఫోన్‌లో రికార్డు చేసి, సగం స్పీడ్‌లో వింటే సిగ్గేస్తుంది.

మూడోది మన ఇళ్లలోనే ఉంది. కర్ణాటక సంగీతంలో మొదటి పాఠాలైన సరళీ వరుసలు మూడు కాలాల్లో పాడిస్తారు కదా. తాళం కదలదు, స్వరాలే బీట్‌కి ఒకటి, రెండు, నాలుగు అవుతాయి. 4, 4 పెంచుకుంటూ పోవడం కాదు, రెట్టింపుకి దూకడం. గిటార్ మీద మెట్రోనోమ్ 100 దగ్గర వదిలేసి ఒకే ఫ్రేజ్‌ని (చిన్న స్వరాల వరుసని) ఇలా మూడు కాలాల్లో వేస్తే, మొదటి కాలంలో తప్పు దొరుకుతుంది, మూడో కాలంలో అసలు కదలిక రోజూ ఎదురవుతుంది. లోపలి తాళం గట్టిపడటం అదనపు లాభం. ఆ వరుసలు పాడే మాయామాళవగౌళ రాగాన్నే గిటారిస్టులు డబుల్ హార్మోనిక్ స్కేల్ అంటారు కాబట్టి, చిన్నప్పుడు సంగీతం క్లాసుకి వెళ్లినవాళ్లకి సరంజామా కూడా సిద్ధమే. ఇబ్బందల్లా, రెండో కాలం హాయిగా ఉండి మూడోది కుప్పకూలడం. అప్పుడు తాళం తగ్గించాలి, పట్టుదలకి పోకూడదు.

కొత్త ఫ్రేజ్‌కి మొదటి రెండు రోజులు మెట్లు, ఆ తర్వాత రోజూ మూడు కాలాలు, గోడ తగిలిన చోట మాత్రం ముక్కలు. ఇది నా లెక్క. ఒకటే ఎంచుకోమంటే మూడు కాలాలే అంటాను. మొదటి ఏడాదిలో ఉన్నవాళ్లు మాత్రం మెట్లు వదలొద్దు.

ప్రతి నోట్‌నీ పిక్‌తో కొట్టాలా, లేక ఎడమ చేతి హ్యామర్-ఆన్, పుల్-ఆఫ్‌లతో (పిక్ లేకుండా వేలితో కొట్టి, లాగి నోట్ పలికించడం) జారాలా అన్నది ఇంకో తగువు. పిక్ దారికి జాన్ మెక్‌లాఫ్లిన్, జారుడు దారికి అలన్ హోల్డ్స్‌వర్త్ అనే గిటారిస్టులు పెద్ద సాక్షులు. మెక్‌లాఫ్లిన్ పక్కన రిమెంబర్ శక్తి బృందంలో కూర్చుని ఎలక్ట్రిక్ మాండలిన్ వాయించిన మన పాలకొల్లు మాండలిన్ శ్రీనివాస్‌ని వింటే, ఒకే చేతిలో పిక్ పరుగూ గమకపు జారుడూ రెండూ ఉంటాయి. నా ఓటు పిక్‌కే. కుడి చేయి కుదిరాక జారుడు సులువుగా అబ్బుతుంది. జారుడుతో మొదలుపెట్టిన నా స్నేహితుడు పిక్ దగ్గర ఇప్పటికీ తంటాలు పడుతున్నాడు.

ఏ దారి పట్టినా, మణికట్టు నొప్పి పెడితే ఆ రోజుకి గిటార్ కేసులో పెట్టేయాలి. బిగుతుని ఓర్చుకుంటే తగ్గుతుందనుకుని నేను మూడు వారాలు అసలు వాయించకుండా కూర్చోవాల్సి వచ్చింది.