మాల్టా వెళ్లేవాళ్లకు: మూడు రాత్రులు గోజోకి ఉంచుకోండి

పటంలో చూస్తే మాల్టా అంటే మధ్యధరా సముద్రంలో, సిసిలీకి కింద, చిన్న చుక్క. పెద్ద దీవి పొడవు 27 కిలోమీటర్లు. పక్కనున్న గోజో, మధ్యలోని కొమీనో కూడా కలుపుకుంటే దేశం మొత్తం 316 చదరపు కిలోమీటర్లు. హైదరాబాద్‌లో సగం కూడా ఉండదు. ఇంత చిన్న దీవి కదా, ఒకేచోట గది తీసుకుని రోజుకో దిక్కు తిరిగేద్దాం అనుకుంటారు చాలామంది. మేమూ మొదట అలాగే అనుకున్నాం. చివరి నిమిషంలో మా ఆయన పట్టుబట్టి మూడు రాత్రులు గోజోలో బుక్ చేశారు. ఆ మూడు రాత్రులే ఈ ప్రయాణాన్ని నిలబెట్టాయి.

మేం ఉండేది ఇంగ్లండ్‌లో. ఇండియా నుంచి అత్తయ్య, మావయ్య వచ్చి ఉన్నారు. అమ్మాయికి ఏడేళ్లు. అక్టోబర్ చివర్లో బడికి వారం సెలవులు వచ్చాయి. ఇక్కడ అప్పటికే స్వెట్టర్లు బయటికి తీశాం, అక్కడ మాత్రం మధ్యాహ్నం పలచని చొక్కా చాలు. సముద్రం నీళ్లు ఇంకా స్నానానికి పనికొచ్చేంత వెచ్చగా ఉంటాయి. జులై, ఆగస్టుల్లో ఎండ 30 డిగ్రీలు దాటి కాలుస్తుంది, పైగా జనం. పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మే, జూన్ మొదట్లో గానీ, సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో గానీ పెట్టుకోండి. అక్టోబర్‌లో ఒకటి రెండు రోజులు గాలివాన తగిలే అవకాశం ఉంది, దానికి సిద్ధపడి వెళ్లాలి.

వీసా సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే చాలా కుటుంబాలు ఇక్కడే ఇబ్బంది పడుతున్నాయి. మాల్టా షెంజెన్ దేశం, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల గుంపులోది. అమ్మానాన్నలు బ్రిటన్‌కి విజిటర్ వీసా మీద వచ్చాక ఇక్కడి నుంచి షెంజెన్‌కి పెడదాం అనుకోకండి. మీరు ఏ దేశంలో నివాసం ఉంటున్నారో అక్కడి నుంచే దరఖాస్తు పెట్టాలన్నది మామూలు నియమం. మేం వాళ్లు బయలుదేరకముందే ఇండియాలోనే పెట్టించాం. ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు. ఫీజు పెద్దవాళ్లకి 90 యూరోలు, ఆరు నుంచి పదకొండేళ్ల పిల్లలకి 45. కనీసం 30,000 యూరోల కవరేజీ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి. వయసు మళ్లినవాళ్లకి బీమా తీసుకునేటప్పుడు బీపీ, షుగర్ దాచకుండా రాయండి. క్లెయిమ్ రోజున అదే అడుగుతారు.

ఇక మాల్టాలో దిగాక మనకి హాయినిచ్చేవి కొన్ని ఉన్నాయి. ఇంగ్లిష్ అధికార భాష, కాబట్టి బస్సులో, మందుల షాపులో ఎక్కడా టెన్షన్ లేదు. ఇండియాలో లాగే ఎడమ పక్కన నడుపుతారు. ప్లగ్గులు మాత్రం బ్రిటన్ తరహా చదరపు మూడు పిన్నులవి, ఇండియా నుంచి నేరుగా వెళ్లేవాళ్లు అడాప్టర్ పెట్టుకోవాలి. కుళాయి నీళ్లు చాలావరకు సముద్రపు నీటిని శుద్ధి చేసినవి, రుచి బాగుండదు. అందరూ సీసాలే కొంటారు. ఒక్కో సీసా మీద 10 సెంట్లు డిపాజిట్ ఉంటుంది, సూపర్ మార్కెట్ దగ్గర మిషన్‌లో ఖాళీ సీసా వేస్తే తిరిగి వస్తుంది. ఆ పని మా అమ్మాయికి అప్పజెప్పాం, వారమంతా దాన్ని బాధ్యతగా చేసింది.

మాల్టా స్థానిక భాష గురించి ఒక మాట. అది అరబ్బీ కుదురు నుంచి వచ్చి, ఇంగ్లిష్ లిపిలాంటి లిపిలో రాసే భాష. అత్తయ్య హైదరాబాద్‌లో పుట్టి పెరిగారు, ఉర్దూ బాగా వచ్చు. పుస్తకాన్ని 'క్తీబ్' అంటారనీ, లోకాన్ని 'దిన్యా' అంటారనీ తెలిశాక ఆవిడకి ఆ ఊరు పరాయిదనిపించలేదు. బస్సులో వెనక సీటువాళ్ల మాటలు వింటూ "ఇదిగో, ఇది కితాబే, అది దునియానే" అని నాకు చెబుతూ కూర్చున్నారు.

మొదటి నాలుగు రాత్రులు స్లీమాలో ఒక ఫ్లాట్ తీసుకున్నాం. ఊరుగా స్లీమా మంచి ఎంపికే. సముద్రం వెంబడి పొడవాటి నడక దారి ఉంది, దుకాణాలు దగ్గర, రేవులో ఫెర్రీ ఎక్కితే పది నిమిషాల్లోపే ఎదురుగా రాజధాని వల్లెట్టాలో దిగొచ్చు. ఫ్లాట్ దగ్గరే దెబ్బ తిన్నాం. పొద్దున్న ఏడింటికల్లా పక్క స్థలంలో రాయి కోసే మిషన్ మొదలైంది. కిటికీ తీస్తే సున్నపురాతి దుమ్ము. మావయ్యకి ఆయాసం ఉంది, రెండు రోజులు తలుపులన్నీ వేసుకుని కూర్చున్నారు. ఓనర్‌కి మెసేజ్ పెడితే "మాల్టాలో ఇది మామూలే" అని జవాబొచ్చింది. మామూలైతే ప్రకటనలో ముందే రాయాలి కదా! ఆ దేశంలో కట్టడాల పని నిజంగానే ఎక్కువ. గది బుక్ చేసే ముందు కిందటి రెండు నెలల రివ్యూల్లో 'నిర్మాణం', 'శబ్దం' అన్న మాటలు వెతకండి. పక్క ప్లాటు ఖాళీగా ఉందా అని ఓనర్‌ని సూటిగా అడగండి. లిఫ్ట్ ఉందో లేదో కూడా అడగండి, పాత ఇళ్లలో మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి.

పిల్లలతో వెళ్లి సముద్రమే ముఖ్యం అనుకుంటే మెల్లీహా మేలు. అక్కడి ఇసుక తీరం దీవిలోకెల్లా పొడవైనది, నీళ్లు చాలా దూరం వరకు మోకాలి లోతే. సెయింట్ జూలియన్స్ ఊళ్లో పాచవిల్ అనే పేట ఉంది, అది రాత్రంతా పాటలతో మోగే చోటు. కుటుంబాలు అటు గది తీసుకోవద్దు. డబ్బు కాస్త ఎక్కువైనా ఫరవాలేదనుకుంటే వల్లెట్టా కోట గోడల లోపలే ఉండొచ్చు. సాయంత్రం టూరిస్టులు తగ్గాక ఆ వీధులు మనవే అన్నట్టుంటాయి. కాకపోతే మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి ఆ ఎగుడుదిగుడు మెట్ల వీధులు కష్టం.

బస్సుల విషయంలో నా అభిప్రాయం ఇది: మంచివి, చవక, కానీ వాటిని నమ్మి టైం లెక్క వేసుకోవద్దు. 2022 నుంచి పాసున్న స్థానికులకి బస్సు ఉచితం, దాంతో రద్దీ ఎక్కువ. నిండిన బస్సు స్టాపులో ఆగకుండా వెళ్లిపోతుంది. ఖాళీ ఉన్న బస్సు కూడా మీరు చెయ్యి ఎత్తితేనే ఆగుతుంది. బ్యాంకు కార్డు తాకిస్తే టికెట్ అయిపోతుంది, చిల్లర అక్కర్లేదు. స్లీమా నుంచి గోజో పడవ ఎక్కే చిర్కెవ్వా రేవు 20 కిలోమీటర్ల పైచిలుకు, బస్సులో మాకు గంటన్నర పట్టింది. అందుకే అంటున్నాను, చిన్న దీవి అన్న మాట కిలోమీటర్లకే గానీ గంటలకి వర్తించదు. పెద్దవాళ్లు ఉన్నరోజు యాప్ టాక్సీ పిలవండి. మాకు దొరికిన డ్రైవర్లలో ఇద్దరు కేరళ అబ్బాయిలు, మావయ్య సామాను వాళ్లే దింపి గుమ్మం దాకా పెట్టారు. కారు అద్దెకి తీసుకోవడం పెద్ద దీవిలో అనవసరం, పార్కింగ్ వెతకడంతోనే సగం రోజు పోతుంది. గోజోలో మాత్రం కారు ఉంటే సుఖం.

వల్లెట్టాకి ఒక రోజు సరిపోదు, రెండు పెట్టండి. 1565లో ఒట్టోమన్ సైన్యం ముట్టడిని తట్టుకున్నాక, 1566లో సెయింట్ జాన్ నైట్లు అనే క్రైస్తవ యోధుల సంఘం వాళ్లు పునాది వేసి కట్టుకున్న ఊరది. వాళ్ల కేథడ్రల్ బయటికి సాదా కోటలా ఉంటుంది. లోపల నేలంతా రంగురంగుల పాలరాతి సమాధి ఫలకాలే. మొనదేలిన హీల్స్‌తో వస్తే రానివ్వరు, భుజాలు కప్పుకోవాలి, ఆదివారం సందర్శకులకి తెరవరు. ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో వేసిన యోహాను శిరచ్ఛేదం చిత్రం అక్కడే ఉంది. ఆయన సంతకం పెట్టిన చిత్రం అదొక్కటే, అదీ నేల మీద పారిన రక్తం రంగులో. చిత్రం కింది అంచు దగ్గర ఆ అక్షరాలు వెతికి చూడండి. బయటికి వచ్చి అప్పర్ బరాక్కా తోటకి వెళ్తే మధ్యాహ్నం 12కి ఫిరంగి పేలుస్తారు, సాయంత్రం 4కి మళ్లీ. ఆ తోట నుంచి కిందికి లిఫ్ట్ ఉంది, దిగి ఫెర్రీలో అవతలి ఒడ్డుకి వెళ్లొచ్చు. అత్తయ్య మోకాళ్లని ఆ లిఫ్టే కాపాడింది.

ఒక్క టికెట్ మాత్రం విమానం టికెట్ కంటే ముందు కొనండి. అది హైపోజియం. ఐదు వేల ఏళ్ల కిందట రాయిని తొలిచి భూమి లోపల మూడు అంతస్తులుగా చేసిన శ్మశానం, పూజాస్థలం. లోపలి రంగులు మన ఊపిరికే పాడవుతాయని రోజుకి 80 మందినే పంపుతారు. నెలల ముందే నిండిపోతుంది. ఆరేళ్ల లోపు పిల్లలకి ప్రవేశం లేదు. ఫోను, సంచి బయటే పెట్టించేస్తారు. లోపలికి వెళ్లాక దీపాలు ఒక్కో చోటే వెలుగుతాయి. ఒక గదిలో తలెత్తి చూస్తే పైకప్పు మీద ఎర్ర జేగురుతో గీసిన సుడులు, ఒకదాన్నుంచి ఒకటి తీగల్లా సాగుతూ. లోహం ఎరగని కాలంలో రాతి పనిముట్లతో తొలిచిన గోడలు, అరిచేత్తో నిమిరి నున్నగా చేసినట్టున్నాయి. మా అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఏమీ మాట్లాడకుండా నిలబడింది. టికెట్ దొరకకపోతే నిరాశపడకండి, ముందురోజు అమ్మే కొన్ని టికెట్లు ఉంటాయి, ధర ఎక్కువ. అదీ కాకపోతే గోజోలోని జ్గంతీయ గుడులు ఆ కాలానివే, పిరమిడ్ల కంటే పాతవి, హాయిగా చూడొచ్చు.

తిండి విషయంలో శాకాహారులు అడిగి తినాలి. పస్తిట్సి అని పొరలు పొరలుగా ఉండే కర్రీపఫ్ లాంటిది వీధివీధినా దొరుకుతుంది, రికోటా జున్నుతో ఒకటి, బఠాణీతో ఒకటి. బఠాణీది మన నాలుకకి నచ్చుతుంది. కానీ కొన్ని చోట్ల పిండిలో పంది కొవ్వు వాడతారు, అది అడగాల్సిందే. టమాటా రుద్దిన రొట్టెలో ట్యూనా చేప పెట్టడం అలవాటు, వద్దంటే తీసి ఇస్తారు. వల్లెట్టా ప్రధాన ద్వారం దగ్గర వేడివేడిగా వేయించి ఇచ్చే ఇమ్‌ఆరెత్ మాత్రం వదలొద్దు. ఖర్జూరం పూర్ణం, సోంపు వాసన, పైన కరకరలాడే పొర. అత్తయ్య మొదటి ముక్క కొరికి "కజ్జికాయ పిండే, లోపల సరుకు మార్చారు అంతే" అన్నారు.

కొమీనో దగ్గరి బ్లూ లగూన్ ఫొటోలు చూసే చాలామంది మాల్టా వెళ్తారు. నీళ్ల రంగు నిజంగా అంతే ఉంటుందట, మేం చూడలేకపోయాం. డబ్బు కట్టిన పడవ వాళ్లు గాలి బాగా లేదని పొద్దున్నే రద్దు చేశారు. రద్దు చేయడం సబబే, సముద్రంతో పంతం పనికిరాదు. డబ్బు వెనక్కి రావడానికి మాత్రం పదిసార్లు రాయాల్సి వచ్చింది. కొమీనోని ప్రయాణం మొదటి రోజుల్లోనే పెట్టుకోండి, తప్పితే ఇంకో రోజు మిగులుతుంది. 2025 నుంచి అక్కడికి ముందే ఉచితంగా స్లాట్ బుక్ చేసుకునే పద్ధతి పెట్టారు, అదీ చూసుకోండి.

ఇక గోజో. చిర్కెవ్వా నుంచి పెద్ద ఫెర్రీలో 25 నిమిషాలు. వెళ్లేటప్పుడు టికెట్ అడగరు, తిరిగి వచ్చేటప్పుడే తీసుకుంటారు. వల్లెట్టా నుంచి నేరుగా ముప్పావు గంటలో వెళ్లే చిన్న ఫాస్ట్ ఫెర్రీ కూడా ఉంది, కానీ అలలు లేస్తే ముందు ఆగిపోయేది అదే. మేం దిగింది ఒక పాత రాతి ఇల్లు. అడుగు మందం దాటిన గోడలు, లోపల పెరడు, నిమ్మచెట్టు. స్లీమా ఫ్లాట్‌కి పెట్టిన దాని కంటే తక్కువ అద్దె. మావయ్య మొదటి రాత్రే దగ్గు లేకుండా నిద్రపోయారు.

గోజోలో చూడాల్సినవి జాబితా వేసుకుని పరుగెత్తొద్దు. ద్వేరా దగ్గర ఫొటోల్లో కనిపించే రాతి కమాను ఇప్పుడు లేదు, 2017 మార్చి 8న తుఫానులో కూలిపోయింది. గోజో ముఖ్యపట్టణం విక్టోరియాలో కొండమీది కోట ఒక పూట పని. నేను మాత్రం ష్వేని ఉప్పుమళ్ల దగ్గర రెండు సాయంత్రాలు గడిపాను. సముద్రం అంచున సున్నపురాతిలో చేత్తో చెక్కిన చదరాలు, గళ్ల దుప్పటి పరిచినట్టు. మా అమ్మమ్మగారిది చినగంజాం పక్కన పల్లె. అక్కడ ఉప్పుమడి అంటే తొక్కి గట్టిచేసిన బంకమట్టి. ఇక్కడ మడి రాయి. నీళ్లు ఎండే తీరు ఒకటే, గట్టు మూలల్లో మొదట తెల్లగా పేరుకునే గింజలూ ఒకటే. వంగి వేలితో అంటించుకుని నాలుక మీద పెట్టుకున్నాను. అక్కడి కుటుంబాలు ఇప్పటికీ వేసవిలో ఉప్పు తీసి అమ్ముతున్నాయి. మడుల గట్ల మీద నడవకుండా దారి మీదే ఉండండి, అది వాళ్ల పంట.

ఏడు రాత్రులుంటే మొదటి నాలుగు వల్లెట్టా వైపు, తర్వాత మూడు గోజో అని మేం వేసుకున్నాం. మళ్లీ వెళ్తే వరస తిరగేస్తాను. దిగిన రోజే టాక్సీలో నేరుగా రేవుకి, గోజోలో మూడు రాత్రులు, అక్కడి నుంచే గాలి చూసుకుని కొమీనో, ఆ తర్వాత వల్లెట్టా. మేం గోజో నుంచి నేరుగా విమానానికి బయలుదేరాం. అలలు ఎక్కువై ఫెర్రీ ఆలస్యమవుతుందేమోనని తెల్లవారుజామున నాలుగింటి నుంచి రేవులో కూర్చున్నాం, అత్తయ్య శాలువా కప్పుకుని, అమ్మాయి ఆవిడ ఒళ్లో. పొద్దుటి విమానం అయితే చివరి రాత్రి పెద్ద దీవిలోనే పడుకోండి.