ప్రొపేన్ మీద ఆర్వీ ఫ్రిజ్: ఏళ్ల తరబడి వాడాక నా అభిప్రాయం

మా ఆర్వీలో, అంటే లోపలే వంట, పడక ఉన్న ప్రయాణ బండిలో ఉన్నది అబ్సార్ప్షన్ ఫ్రిజ్. కరెంటు కనెక్షన్ దొరికితే కరెంటు మీద, దొరక్కపోతే సిలిండర్‌లోని ప్రొపేన్ గ్యాస్ మీద నడుస్తుంది. మండే ఎండల్లో, గడ్డకట్టే చలిలో, కొండ రోడ్ల మీద, రోజుల తరబడి కనెక్షన్ అన్నదే లేని చోట్ల వాడాను. కొత్తగా ఆర్వీ కొన్నవాళ్లు ఎవరు కలిసినా మొదట అడిగేది ఒకటే: "బండి నడుస్తుంటే గ్యాస్ మీద ఫ్రిజ్ ఆన్‌లో ఉంచొచ్చా?" అడగాల్సిన ప్రశ్నే, నా జవాబు కింద చెప్తాను. కానీ నా అనుభవంలో ఈ ఫ్రిజ్ ప్రయాణంలో పాడవడం చూడలేదు. బండిని వాలులో ఆపి, ఫ్రిజ్‌ని అలాగే వదిలేసిన చోట పాడవడం చూశాను.

కారణం తెలియాలంటే లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి. ఇంట్లో ఫ్రిజ్‌లా దీనికి కంప్రెసర్ ఉండదు, తిరిగే భాగం ఒక్కటీ ఉండదు. సీలు చేసిన గొట్టాల్లో అమ్మోనియా, నీళ్లు, హైడ్రోజన్ ఉంటాయి. వెనక కింది భాగంలో ఉన్న బాయిలర్‌లో చిన్న మంట అమ్మోనియా కలిసిన నీటిని మరిగిస్తుంది. అమ్మోనియా ఆవిరై పైకెళ్లి, అక్కడ చల్లబడి ద్రవంగా మారి, హైడ్రోజన్ ఉన్న గొట్టంలోకి దిగుతుంది. అక్కడ మళ్లీ ఆవిరవుతూ ఫ్రిజ్ లోపలి వేడిని లాగేసుకుంటుంది. తర్వాత నీళ్లలో కలిసిపోయి మంట దగ్గరికి తిరిగొస్తుంది. 1922లో స్టాక్‌హోమ్‌లో బాల్ట్‌సార్ ఫాన్ ప్లాటెన్, కార్ల్ మున్టర్స్ అనే ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది. నిప్పుతో చల్లదనం పుట్టించడం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

పంపు లేదు కాబట్టి ద్రవం కిందికి పారాల్సింది తన బరువుతోనే. బండి ఒక పక్కకు ఒరిగి నిలబడితే ఆ ద్రవం గొట్టాల వంపుల్లో ఎక్కడో ఆగిపోతుంది, బాయిలర్‌కి తిరిగి రాదు. మంట మాత్రం మండుతూనే ఉంటుంది. ఖాళీ అయిన బాయిలర్ విపరీతంగా వేడెక్కుతుంది. గొట్టాలు తుప్పు పట్టకుండా ఆ నీళ్లలో కలిపిన సోడియం క్రోమేట్ ఆ వేడికి గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఒకసారి మూసుకుపోయాక బండిని ఎంత సమంగా నిలబెట్టినా లాభం లేదు. నడిచే బండిలో ఈ ఇబ్బంది రాదు. కుదుపులకు ద్రవం అటూ ఇటూ కదులుతూ మళ్లీ దారిలో పడుతుంది. అందుకే ఘాట్ రోడ్డు మీద గంటల తరబడి ఎక్కినా ఫ్రిజ్‌కి ఏమీ కాదు గానీ, అదే ఘాట్‌లో భోజనానికి పక్కకు ఆపి, తిని, కునుకు తీస్తే మాత్రం దానికి కష్టమే.

చాలా మోడళ్ల మాన్యువల్స్‌లో పక్కలకు 3 డిగ్రీలు, ముందువెనకలకు 6 డిగ్రీల వరకు వాలు ఫర్వాలేదని ఉంటుంది. కంటికి 3 డిగ్రీలు తెలియదు. చిన్న రసమట్టం ఒకటి కొని, దాన్ని బండి ఫ్లోర్ మీద కాకుండా ఫ్రీజర్ అడుగున పెట్టి చూడాలి. ఫ్లోర్ సమంగా ఉన్నా ఫ్రిజ్ బిగించిన తీరులో తేడా ఉండొచ్చు. నేను రాత్రి బసకు ఆపగానే చేసే మొదటి పని ఇదే. చక్రాల కింద బ్లాకులు పెట్టడం, బుడగ మధ్యకు వచ్చిందో లేదో చూసుకోవడం, ఆ తర్వాతే గ్యాస్. దారిలో వాలుగా ఉన్న చోట కాసేపటికి మించి ఆగాల్సి వస్తే ఫ్రిజ్ ఆపేస్తాను. ఆ అరగంటకో గంటకో లోపలి చల్లదనం ఎక్కడికీ పోదు.

ఒకసారి మా పక్కన దిగిన కుటుంబం, ఫ్రిజ్ చల్లబడట్లేదు, ఏంటో చూస్తారా అని పిలిచారు. బయటి నుంచి వెనక మూత తీశాను. బర్నర్ వెలుగుతోంది, మంట నీలంగా శుభ్రంగా ఉంది, చిమ్నీ గొట్టం వేడిగా ఉంది. కానీ బాయిలర్ దగ్గర గొట్టం అతుకు మీద సోడియం క్రోమేట్ తాలూకు పసుపు రంగు పొడి పేరుకుని ఉంది. తలుపు తెరవగానే ముక్కు మండేలా అమ్మోనియా ఘాటు కొట్టింది. లీకైన కూలింగ్ యూనిట్ అది, అక్కడ బాగుచేసేదేమీ లేదు. ఫ్రిజ్ ఆపించి, సిలిండర్ వాల్వ్ మూయించి, కిటికీలన్నీ తీయించాను. వాళ్లకు బండి అమ్మినవాళ్లు ఫ్రిజ్ బటన్లు అన్నీ చూపించారట గానీ, బండి సమంగా నిలబెట్టాలన్న ముక్క ఒక్కటీ చెప్పలేదట. వింటుంటే ఒళ్లు మండింది. పాత బండి కొనేవాళ్లు వెనక మూత తీసి ఆ పసుపు మరక ఉందేమో చూడకుండా డబ్బు ఇవ్వొద్దు.

ఇక ప్రయాణంలో గ్యాస్ సంగతి. చాలామంది వేసుకునే నడుపుతారు, సమస్య ఏమీ రాకుండా ఏళ్లు గడుపుతారు. గాలికి మంట ఆరిపోతే, మంట వేడిని పసిగట్టే థర్మోకపుల్ చల్లబడి గ్యాస్ వాల్వ్ మూసుకుంటుంది, గ్యాస్ ఊరికే పోదు. కానీ ప్రమాదంలో గ్యాస్ పైపు తెగితే? సిలిండర్‌లో గ్యాస్ ఒక్కసారిగా ఎక్కువ పోతే అడ్డుకునే ఏర్పాటు ఉంటుంది నిజమే, అయినా చిన్న చీలికకు అది స్పందించకపోవచ్చు. అందుకే నా పద్ధతి ఇది: నాలుగైదు గంటల ప్రయాణమైతే సిలిండర్ వాల్వ్ మూసేసి బయల్దేరతాను. ముందు రాత్రే బాగా చల్లబరిచి, నిండుగా సర్ది, తలుపు తీయకుండా ఉంటే అంతసేపు నిశ్చింతగా నిలుస్తుంది. గడ్డకట్టిన నీళ్ల సీసాలు రెండు పై అరలో పెడితే ఇంకా ధీమా. రోజంతా ఎండలో నడపాల్సి వచ్చినప్పుడు మాత్రం గ్యాస్ మీదే ఉంచుతాను. పాలు, మాంసం, ఇన్సులిన్ లాంటి మందులు లోపల ఉన్నప్పుడు అది అవసరం కూడా.

అలా ఉంచినప్పుడు ఒక విషయంలో రాజీ పడను. పెట్రోల్ బంకులోకి తిప్పకముందే రోడ్డు పక్కన ఆపి ఫ్రిజ్ బటన్ ఆఫ్ చేస్తాను. ఇప్పుడు మంట లేదులే అనుకోవడానికి వీల్లేదు. థర్మోస్టాట్ అడగగానే ఇగ్నైటర్ దానంతటదే టిక్ టిక్‌మని నిప్పురవ్వ వేసి బర్నర్ వెలిగిస్తుంది. మీరు పైపు పట్టుకుని నిలబడ్డ క్షణంలో కూడా వెలిగించగలదు. వాటర్ హీటర్, రూమ్ హీటర్ కూడా అంతే, వాటినీ ఆపాలి. ఆటో మోడ్‌లో ఉన్న ఫ్రిజ్ కరెంటు పోగానే మిమ్మల్ని అడగకుండా గ్యాస్‌కి మారిపోతుంది, అది గుర్తుంచుకోండి.

సొరంగాల నిబంధనలు కూడా ముందే చూసుకోవాలి. అమెరికాలో బాల్టిమోర్ హార్బర్ టన్నెల్, ఫోర్ట్ మెక్‌హెన్రీ టన్నెల్ మీదుగా 10 పౌండ్లకు మించిన ప్రొపేన్ సిలిండర్లతో వెళ్లనివ్వరు, మంట ఆర్పినా సరే. ఆర్వీలకు మామూలుగా ఉండేవి 20 పౌండ్లవి, అంటే చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఫెర్రీ ఎక్కేముందు సిలిండర్ వాల్వ్ కట్టేయడం అలవాటు చేసుకుంటే మంచిది.

గ్యాస్ ఖర్చు మాత్రం ఆశ్చర్యపోయేంత తక్కువ. 20 పౌండ్ల సిలిండర్‌లో సుమారు 4,30,000 బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే యూనిట్) వేడి ఉంటుంది. గంటకు 1,500 బీటీయూలు తాగే బర్నర్ ఆగకుండా మండినా 12 రోజుల దాకా వస్తుంది. చల్లబడ్డాక బర్నర్ ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి నిజానికి ఇంకా ఎక్కువే వస్తుంది, అదే సిలిండర్ మీద వంట, వేడినీళ్లు నడవకపోతే. ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీల దగ్గరే ఆవిరవుతుంది కాబట్టి మామూలు చలికాలంలో గ్యాస్ రావట్లేదన్న బాధ పెద్దగా ఉండదు.

గ్యాస్ మీద నడుస్తుంది కదా, ఇక బ్యాటరీతో పనేంటి అనుకోకండి. ఇగ్నైటర్‌కి, వాల్వ్‌కి, కంట్రోల్ బోర్డుకి 12 వోల్టులు కావాలి. లాగేది చాలా కొద్దే, కానీ బ్యాటరీ పడిపోతే నిండు సిలిండర్ ఉన్నా ఫ్రిజ్ ఆగిపోతుంది. కొన్ని మోడళ్లలో 12 వోల్టుల మీద కూడా చల్లబరిచే మూడో పద్ధతి ఉంటుంది. అది పది పదిహేను ఆంపియర్లు లాగుతుంది, ఉన్న చల్లదనాన్ని నిలబెట్టగలదు తప్ప కొత్తగా చల్లబరచలేదు. ఇంజిన్ ఆపాక దాన్ని మర్చిపోతే తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ.

దీని అసలు బలహీనత ఎండ. వెనక గొట్టాల వేడి బయటికి పోతేనే లోపల చల్లబడుతుంది. కింద వెంట్‌లోంచి గాలి వచ్చి పైనుంచి బయటికి పోవాలి. మధ్యాహ్నం ఎండ నేరుగా ఆ గోడకు తగిలితే లోపల 4 డిగ్రీలు ఉండాల్సింది మెల్లగా ఎక్కుతూ పోతుంది. అందుకే ఆపేటప్పుడు ఫ్రిజ్ ఉన్న పక్క నీడకు వచ్చేలా తిప్పుతాను. వెనక వైపు చిన్న 12 వోల్టుల ఫ్యాన్లు రెండు బిగించాక వేసవి తేడా స్పష్టంగా తెలిసింది. లోపల కూడా బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యాను పెట్టాను, మూల మూలకీ చల్లదనం అందుతోంది. ఈ ఫ్రిజ్ కొనేవాళ్లు ఆ ఫ్యాన్ల ఖర్చు ధరలోనే కలిపి చూసుకోవాలి. థర్మామీటర్ లేకుండా మాత్రం నడపొద్దు, చేత్తో తాకి చల్లగా ఉందనుకోవడం పాలకూ మాంసానికీ పనికిరాదు.

ఓపిక కూడా కావాలి. వేడిగా ఉన్న ఫ్రిజ్ సరిగ్గా చల్లబడటానికి పూట పైనే పడుతుంది, వేసవిలో ఒక రోజు అనుకోండి. బయల్దేరే రోజు పొద్దున ఆన్ చేసి సామాను నింపితే వస్తువులే పాడవుతాయి.

నిర్వహణ ఎక్కువేమీ ఉండదు. సీజన్‌కి ఒకసారి గ్యాస్ కట్టేసి, బర్నర్ దగ్గర రేకు తీసి, చిమ్నీ లోంచి రాలిన తుప్పు పొట్టు ఊదేయాలి. ప్రొపేన్‌కి కలిపే వాసన సాలీళ్లకు నచ్చుతుందో ఏమో, బర్నర్ గొట్టంలో గూళ్లు కడతాయి. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుగా ఊగుతుంటే గాలి సరిగా అందట్లేదని అర్థం, మసి మొదలైనట్టే. సిలిండర్ మార్చాక ఫ్రిజ్ మొదటిసారి వెలగకపోతే కంగారు పడొద్దు, పైపులో గాలి ఉంటుంది. స్టవ్ కాసేపు వెలిగించి ఆ గాలి పోయాక ఫ్రిజ్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేస్తే పట్టుకుంటుంది. 5,500 అడుగులు దాటాక గాలి పలచబడి మంట ఆరుతుంటే, కనెక్షన్ ఉన్నచోట కరెంటుకి మార్చేయండి. ప్రొపేన్ గాలికంటే బరువు కాబట్టి లీక్ డిటెక్టర్ నేలకు దగ్గర్లో ఉంటుంది. దాని గడువు తేదీ దాని మీదే రాసి ఉంటుంది, ఒకసారి వంగి చూడండి.

ఇప్పుడు చాలామంది 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్‌లకు మారుతున్నారు. త్వరగా చల్లబడతాయి, వాలును పెద్దగా పట్టించుకోవు, నడిచేటప్పుడు మంట గొడవే లేదు. రోజూ కదులుతూ ఉండేవాళ్లకు, సోలార్ ప్యానెళ్లు, మంచి లిథియం బ్యాటరీ ఉన్నవాళ్లకు నేనూ అదే చెప్తాను. కానీ మబ్బు పట్టిన అడవిలో, చెట్ల నీడలో, వారం పైగా ఒకేచోట ఉండేవాళ్లకు సోలార్ చాలదు. జనరేటర్ మోతతో పడుకోవడం నాకు ఇష్టం లేదు. అక్కడ ఈ గ్యాస్ ఫ్రిజ్ చప్పుడు లేకుండా పని చేసుకుపోతుంది. మాది పోయినా మొత్తం ఫ్రిజ్ మార్చను. వెనక కూలింగ్ యూనిట్ ఒక్కటే విడిగా దొరుకుతుంది, దాన్ని మార్పించి మళ్లీ ఇదే వాడతాను.