రైలు వేళ చూసుకోవలసిన పని లేదు

హైదరాబాద్ మెట్రోలో ఏసీ గురించి, శుభ్రత గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గంలోని ఆఫీసుకు ఏళ్ల తరబడి తిరుగుతున్న నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటే: రైలు ఎన్నింటికో చూసుకోను. వెళ్తాను, వస్తుంది.

మొదట్లో ఇలా లేదు. 2019 మార్చిలో హైటెక్ సిటీ దాకా మార్గం తెరిచేనాటికి అక్కడ రైలును వెనక్కి మళ్లించే ఏర్పాటు సిద్ధం కాలేదు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటిన రైలు వెళ్లిన పట్టాల మీదే తిరిగి రావాలి. అప్పటిదాకా వెనకది ఆగాల్సిందే. కొన్ని నెలలకు ఆ ఏర్పాటు పూర్తయింది. రైళ్లు అవే, స్టేషన్లు అవే, కానీ నిరీక్షణ సగానికి సగం తగ్గింది.

దాని విలువ ఒక వాన సాయంత్రం బాగా తెలిసింది. మాదాపూర్ రోడ్డు మీద వాహనాలు కదలడం లేదు. అమీర్‌పేటలో మారేందుకు మెట్లు దిగేసరికి ఎల్బీనగర్ రైలు తలుపులు మూసుకున్నాయి. పరుగెత్తబోతుంటే పక్కనున్న పెద్దావిడ, "తొందరెందుకమ్మా, ఇంకోటి వస్తుందిగా" అన్నారు. గొడుగు దులిపి, మడిచి సంచిలో పెట్టుకునేలోగా వచ్చేసింది.

ఇంత పెద్ద నగరంలో అందరికీ ఇంటి నుంచి ఆఫీసుకు నేరుగా బండి వేయడం కుదరదు. ఎక్కడో ఒకచోట మారాలి. వెంటవెంటనే రైళ్లుంటే ఆ మారడం భారం అనిపించదు.

అయితే ఇదంతా రద్దీ వేళల మాట. మధ్యాహ్నం ఎడం పెరుగుతుంది. రద్దీలోనేమో మూడు పెట్టెల రైలులో చోటు దొరకక ఒకటి వదిలేయాల్సి వస్తుంది. అసలు బాధ దిగాక మొదలవుతుంది. మా కాలనీ బస్సు కోసం అరగంట నిలబడి, చివరికి షేర్ ఆటో ఎక్కిన రోజులు చాలానే ఉన్నాయి. నాలుగైదు నిమిషాలకో రైలు నడిపి, దాన్ని అందుకునే బస్సును అరగంటకొకటి నడిపితే, నాకు అందేది అరగంటకో ప్రయాణమే. కొత్త మార్గాల మీద ఎంత శ్రద్ధ పెడతారో ఈ చిన్న బస్సుల మీదా అంత పెట్టాలని గట్టిగా కోరుకుంటున్నాను.

నా ఆఫీసు రాయదుర్గం స్టేషన్‌కు నడిచే దూరంలో ఉంది కాబట్టి నాకు మెట్రోయే మేలు. రాయదుర్గంలో దిగి ఇంకా ముందుకు, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా వెళ్లేవారు రెండు చివర్లా పట్టే సమయాన్ని కలిపి లెక్క వేసుకోవాలి. రాత్రి పదకొండు దాటాక షిఫ్టు ముగిసేవారికి మాత్రం ఇది అక్కరకు రాదు.